నేల కింది జాతి: డ్వార్ఫ్‌ల ఆచారాలు బంగారం మీద ఆశతో పుట్టాయా, బండ పెట్టిన షరతులతో పుట్టాయా?

నల్లగొండలో డిగ్రీ చదువుతున్న కొందరు విద్యార్థులు తెలుగులో ఫాంటసీ కథలు రాస్తూ, ఒకరి రాతప్రతిని ఒకరు చదివి చర్చించుకుంటున్నారు. ఈమధ్య ఆ చర్చకు నన్నూ పిలిచారు. ఆ రోజు చదివిన కథలో భూగర్భంలో నివసించే ఒక పొట్టి జాతి ఉంది. వాళ్లకు పొడుగాటి గడ్డాలు, సమ్మెటలు, బంగారపు రాశులు ఉన్నాయి. ఎవరైనా మాట తప్పితే మూడు తరాల దాకా మరవరు. ఆడవాళ్లు ఎక్కడున్నారో కథలో కనిపించదు. రాసిన అమ్మాయిని తోటి విద్యార్థి ఒకడు అడిగాడు: “వీళ్లు పుట్టుకతోనే ఇట్లుంటరా, నేల కింద బతికితే ఎవరైనా ఇట్లనే అయితరా?” ఆ రోజు మాలో ఎవరమూ తృప్తిగా జవాబు చెప్పలేకపోయాం. వీడియో గేములు, సినిమాలు, వెబ్ సిరీస్‌ల వల్ల ఈ జాతి రూపురేఖలు మన పిల్లలకు బాగా పరిచయమయ్యాయి గానీ, ఆ రూపురేఖల వెనుక ఉన్న కారణాలను ఎవరూ విడమరచి చెప్పడం లేదు. ఈ వ్యాసం ఆ ప్రయత్నం.

పేరులోనే ఉన్న చిక్కు

ఇంగ్లిష్‌లో ఈ జాతిని డ్వార్ఫ్ అంటారు. నిఘంటువు చూసి దాన్ని మరుగుజ్జు అని తెలుగు చేయడం అలవాటైపోయింది. కానీ ఆ మాట మన మధ్య జీవిస్తున్న, పుట్టుకతో ఎముకల ఎదుగుదలలో తేడా ఉన్న మనుషులకు వాడేది, అదీ చాలాసార్లు వారిని నొప్పించేలా వాడేది. కథల్లోని డ్వార్ఫ్‌కు ఏ జబ్బూ లేదు. సొంత భాష, వంశాలు, చట్టాలు, దైవాలు ఉన్న ఒక ఊహాజాతిలో ఆరోగ్యవంతుడైన సభ్యుడు. ఈ రెంటినీ కలిపేస్తే బతికి ఉన్న మనిషిని కథలోని వింతజీవిగా చూసే అలవాటు మొదలవుతుంది. మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయిన వాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన జిల్లా మనది కాబట్టి, శరీరాల గురించి రాసేటప్పుడు మన మీద మరింత బాధ్యత ఉంది. అందుకే ఇక్కడ జాతి పేరుగా డ్వార్ఫ్ అనే మాటనే ఉంచుతున్నాను.

రాతిలో పుట్టినవాళ్లు, గనిలో కనిపించినవాళ్లు

ఈ జాతికి రెండు పాత వేర్లున్నాయి. మొదటిది 13వ శతాబ్దపు ఐస్‌లాండ్‌లో రాతలోకి వచ్చిన నార్స్ (పాత స్కాండినేవియా) పురాణ కవిత్వం, దాని మీద స్నోరి స్టుర్లుసన్ రాసిన గద్యం. స్నోరి చెప్పిన ప్రకారం, ఆదిమ రాక్షసుడైన ఈమిర్ మాంసంలో పురుగుల్లా పుట్టిన డ్వార్ఫ్‌లకు దేవతలు మనిషి రూపాన్నీ బుద్ధినీ ఇచ్చారు. వాళ్లు మట్టిలో, రాళ్లలో నివసిస్తారు. దేవతల విలువైన వస్తువుల్లో చాలావరకు వీళ్ల కొలిమిలోంచే వచ్చాయి: థోర్ సుత్తి, ఓడిన్ ఈటె, తనలాంటి ఉంగరాలను తానే కనే బంగారు ఉంగరం. ఆకాశాన్ని నాలుగు మూలల మోసేది కూడా నలుగురు డ్వార్ఫ్‌లే. ఈ పాత మూలాల్లో వాళ్లు పొట్టివాళ్లని గట్టిగా చెప్పిన చోటు లేదు. లోహపు పని, రహస్య జ్ఞానం, నేల కింది నివాసం ముందు వచ్చాయి. పొట్టితనం తరువాత చేరింది.

రెండో వేరు జర్మన్ గనుల్లో ఉంది. గనుల శాస్త్రానికి ఆద్యుడిగా చెప్పుకునే అగ్రికోలా, 1549లో వచ్చిన గ్రంథంలో, భూగర్భ జీవుల వరసలో గని కార్మికుల దుస్తులు వేసుకుని తిరిగే చిన్న ఆకారాలను కూడా చేర్చాడు. ముడిరాయిని కరిగిస్తే వెండి రాకుండా విషపు పొగ వచ్చినప్పుడు, అది కోబోల్డ్ అనే గని భూతం చేసిన మోసమని అక్కడి కార్మికులు నమ్మేవారు. ఆ రాయిలోంచి 1730లలో స్వీడన్ శాస్త్రవేత్త గియోర్గ్ బ్రాంట్ వేరు చేసిన లోహానికి అదే పేరు స్థిరపడింది. మన ఫోన్ల బ్యాటరీల్లో ఉండే కోబాల్ట్ అదే.

ఈ రెండు వేర్లనూ కలిపి డ్వార్ఫ్‌లకు ఒక చరిత్ర, ఒక సమాజం కట్టినవాడు ఇంగ్లిష్ రచయిత టోల్కీన్. 1937లో వచ్చిన ‘ది హాబిట్’ నుంచి చనిపోయేదాకా ఆయన ఈ జాతిని మారుస్తూనే ఉన్నాడు. ఏడుగురు మూలపురుషులు, బయటివారికి నేర్పని భాష, సమాధి మీద కూడా చెక్కని రహస్య నామం, ఆశకొద్దీ మరీ లోతుకు తవ్వి నిద్రిస్తున్న ప్రమాదాన్ని లేపిన నగరం, ఇవన్నీ ఆయన ఇచ్చినవి. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట రావడంతో ఆ లక్షణాలు నియమాలుగా మారాయి. ఒక రచయిత కథలో ఒక వంశానికి జరిగిన చరిత్ర, ఆటలో జాతి మొత్తానికి పుట్టుగుణమైంది. మన విద్యార్థి ప్రశ్న పుట్టింది సరిగ్గా ఈ మార్పు దగ్గరే.

ఒక గదికి ముప్పై ట్రాలీల రాయి

పుట్టుగుణాన్ని పక్కన పెట్టి, నేల కింద కాపురానికి ఏం కావాలో లెక్క వేసి చూద్దాం. నాలుగు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న ఒక్క గదిని గ్రానైట్‌లో తొలచాలంటే 60 ఘనపు మీటర్ల బండ తీయాలి. ఘనపు మీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు తూగుతుంది కాబట్టి అది 162 టన్నుల బరువు. పగిలిన రాయి గట్టి బండ కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఒకటిన్నర రెట్లు అనుకున్నా 90 ఘనపు మీటర్ల రాళ్లకుప్ప తేలుతుంది. మన ట్రాక్టర్ ట్రాలీలో మూడు ఘనపు మీటర్లు పడతాయనుకుంటే, ఒక్క గదికి ముప్పై ట్రాలీలు. ఉలి, సమ్మెట, నిప్పు పెట్టి బండను బీటలు వారించే పాత పద్ధతి మాత్రమే తెలిసిన ఒక జట్టు రోజుకు అర ఘనపు మీటరు తీయగలదనుకుంటే, ఆ గదికి 120 రోజులు పడతాయి.

మొరం నేలలో బావి తవ్వించుకున్న ఏ పాలమూరు రైతుకైనా, బండ తగిలాక పని ఎట్లా నెమ్మదిస్తుందో, ఖర్చు ఎట్లా పెరుగుతుందో తెలుసు. నేల కింద ఒంటరి ఇల్లు ఉండదు. ఒకడు తవ్వితే ఒకడు మోయాలి, ఒకడు దీపం పట్టాలి, ఒకడు కప్పును కనిపెట్టాలి. తాత మొదలుపెట్టిన గదిలో మనవడు కాపురం పెడతాడు. వంశం పట్ల డ్వార్ఫ్‌లకు ఉండే గాఢమైన కట్టుబాటుకు ఇంతకన్నా వేరే కారణం వెతకనక్కరలేదు. మనిషి ఆయుష్షులో పూర్తికాని పనికి వంశమే యజమాని కావాలి.

ఇక్కడ మన జిల్లాల చరిత్ర ఒక తేడాను చూపిస్తుంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, సొరంగం తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ కనిపించేది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, కుటుంబాలతో సహా వలసపోయి, గుంపుగా వండుకుని, గుంపుగా పనిచేసి, బాకీ తీరేదాకా కదలలేని బతుకది. డ్వార్ఫ్‌ల సంఘంలోనూ గుంపు ఉంది, పద్దుల పుస్తకం ఉంది, పని పట్ల గర్వం ఉంది. కానీ డ్వార్ఫ్ తవ్విన మందిరం డ్వార్ఫ్‌దే. పాలమూరు కూలీ తవ్విన సొరంగం మీద అతనికి ఏ హక్కూ మిగలలేదు. డ్వార్ఫ్‌ల కథ చదివినప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఈ ఒక్క విషయమే: తవ్వినవాడి పేరు గోడ మీద ఉండే సమాజం అది.

గాలి, నీరు, కాలం

ఫిబ్రవరి 22, 2025న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు, దాదాపు 14 కిలోమీటర్ల లోపలికి గాలి ఎట్లా వెళ్తుంది, నీరు ఎట్లా బయటికి వస్తుంది అన్న ప్రశ్నలు మన ఇళ్లలో కూడా వినబడ్డాయి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవాలని దాదాపు 44 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన సొరంగం అది. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండడంతో మధ్యలో నిలువు దారులు లేకుండా రెండు కొసల నుంచే తవ్వుతూ వచ్చారు. అంతకు ముందు, 2020 ఆగస్టులో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచినప్పుడు తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. నేల పైన మంట ఒక గదిని కాలుస్తుంది. నేల కింద దాని పొగ అందరి గాలినీ తినేస్తుంది.

కాబట్టి భూగర్భ సమాజంలో కొలిమి పెట్టడం సొంత వ్యవహారం కాజాలదు. ఎవరు, ఎప్పుడు, ఏ గాలిదారి దగ్గర నిప్పు రాజేయాలో సంఘం నిర్ణయించాలి. డ్వార్ఫ్ కమ్మరులకు కథల్లో దాదాపు పూజారుల స్థాయి ఉండడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. నిప్పు మీద అధికారమంటే ఊరి ఊపిరి మీద అధికారమే.

లోతు పెరిగేకొద్దీ బండ వేడెక్కుతుంది. 2001లో మూతపడిన కోలార్ బంగారు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లింది; అక్కడ వేడితో పాటు, ఒత్తిడికి బండలు ఉన్నట్టుండి పేలడం నిత్యభయం. మనకు ఇంకా దగ్గరగా, రాయచూరు జిల్లాలోని హట్టిలో ఇప్పటికీ బంగారం తవ్వుతున్నారు. ‘మరీ లోతుకు తవ్వారు’ అన్న డ్వార్ఫ్ కథల నేరాన్ని మామూలుగా అత్యాశకు శిక్షగా చదువుతారు. గని మనుషులు దాన్ని ఇంజనీరింగ్ హెచ్చరికగా చదువుతారు. రెండు అర్థాలూ ఒకే కథలో ఇముడుతాయి.

నీటి సంగతి నల్లగొండ వాళ్లకు చెప్పనక్కరలేదు. గ్రానైట్ పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడ్ దిగుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా మన జిల్లా పేరే ఉంది, ‘నల్లగొండ టెక్నిక్’ అని. తరతరాలుగా బండ నీళ్లే తాగే డ్వార్ఫ్‌లను ఊహించే తెలుగు రచయిత, ఆ నీళ్లు ఎముకలకు ఏం చేస్తాయో తెలిసీ దాటవేయకూడదని నా అభిప్రాయం. ఊటలను రుచి చూసి, ఇది తాగేది, ఇది కడగడానికి వాడేది అని తేల్చే ఒక పెద్దమ్మ ఆ సమాజంలో రాజుకన్నా ముఖ్యురాలు కావచ్చు.

ఇక కాలం. పాతాళలోకాలను వర్ణిస్తూ భాగవతం పంచమ స్కంధం, అక్కడ పాముల పడగల మీది మణులే చీకటిని తొలగిస్తాయనీ, పగలూ రాత్రీ అనే కాలవిభాగాల వల్ల కలిగే భయం అక్కడ లేదనీ చెబుతుంది. అద్భుతమైన ఊహ. కానీ పని చేసి తినాల్సిన జాతికి కాలవిభాగం లేకపోతే కుదరదు. ఎవరు ఎప్పుడు దిగాలి, ఎప్పుడు ఎక్కాలి, దీపపు నూనె ఎంతసేపటిది అన్నవి తెలియాలి. అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీటిలో వదిలి, అది మునిగేలోపు గడిచిన 24 నిమిషాలను ఒక గడియగా లెక్కించిన మన పద్ధతికి సూర్యుడితో పని లేదు. గడియారం అనే మాట ఆ గడియ నుంచే వచ్చింది. డ్వార్ఫ్ నగరం మధ్యలో గుడిగంట బదులు అట్లాంటి గిన్నె ఉంటుందని ఊహించడం నాకు సహజంగా తోస్తుంది.

రెండు వేల మంది తిండి

అన్నిటికన్నా గట్టి ముడి తిండి దగ్గర ఉంది. రెండు వేల మంది ఉన్న భూగర్భ పట్టణంలో మనిషికి రోజుకు అరకిలో బియ్యం అనుకుంటే రోజుకు పది క్వింటాళ్లు, ఏడాదికి 3650 క్వింటాళ్లు కావాలి. ఎకరాకు పాతిక క్వింటాళ్ల వడ్లు పండి, మర ఆడిస్తే పదహారు క్వింటాళ్ల బియ్యం వస్తాయనుకుందాం. అప్పుడు ఒక పంటకు దాదాపు 230 ఎకరాల పొలం కావాలి, అదీ ఎండ పడే పొలం.

పుట్టగొడుగులతో సరిపెట్టుకుంటారని చాలా కథలు చెబుతాయి. పుట్టగొడుగు ఎండ లేకుండా పెరుగుతుందన్నది నిజమే; కానీ అది శక్తిని తానే తయారు చేసుకోలేదు, కుళ్లే గడ్డినో కట్టెనో తిని పెరుగుతుంది. తాజా పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచే మన ఊరి ఆడవాళ్లను అడిగితే, ముందు గడ్డి మోపులు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పమంటారు. ఆ గడ్డి కూడా పైనుంచే దిగాలి.

ఎంత గొప్ప కోట అయినా, ఎంత మందపు రాతి తలుపులున్నా, డ్వార్ఫ్‌లు పైనున్న రైతుల మీద ఆధారపడి బతికే జాతి. వాళ్లు ఇవ్వగలిగినది నాగలి కర్రు, కత్తి, తాళం, నగ. తడి చెమ్మ నిండిన గదుల్లో ధాన్యం ఏళ్ల తరబడి నిలవ ఉండదు, ఇనుము తుప్పు పడుతుంది. బంగారం మాత్రం అట్లాగే ఉంటుంది. పైన కరువొచ్చి ధాన్యం ధర పెరిగిన ఏడు బతికి బయటపడాలంటే ఆ బంగారమే ఆధారం. వానలు మొహం చాటేసిన ఏడు పుస్తెలతాడు తాకట్టు పెట్టి పిల్లలకు గంజి పోసిన తల్లులున్న నేల మనది. ఆ తల్లిని బంగారం పిచ్చిదని ఎవరూ అనరు కదా. అదే పని ఒక జాతి మొత్తం చేస్తే దాన్ని దురాశ అని ఎందుకు పిలుస్తామో కొంచెం ఆలోచించాలి.

గడువు లేని బాకీ

డ్వార్ఫ్‌లు పగను పుస్తకంలో రాసుకుంటారన్నది ఆటల వల్ల బాగా ప్రచారమైన లక్షణం. దీనికీ ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఇంటివాళ్లు కొట్టుగది పెంచుకోవడానికి పక్కనున్న రాతి స్తంభాన్ని ఒక జానెడు చెక్కారు. వెంటనే ఏమీ కాలేదు. నలభై ఏళ్లకు పై అంతస్తులో బీట పడింది, మరో పదేళ్లకు కప్పు కూలింది. చెక్కినవాడు అప్పటికే లేడు. తప్పు ఎవరిది, నష్టం ఎవరు భరించాలి?

మన చట్టంలో ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. నేల పైన అది న్యాయమే. సాక్ష్యాలు చెరిగిపోతాయి, మనుషులు ముందుకు సాగాలి. కానీ తప్పు బయటపడడానికే యాభై ఏళ్లు పట్టే చోట మూడేళ్ల గడువు పెడితే చట్టమే ఉండదు. ఆ సమాజంలో మరపు ప్రమాదకరం. పగల పుస్తకం అనేదాన్ని మొదట్లో స్తంభాల పుస్తకంగా ఊహిస్తే, అందులోని ప్రతి పద్దూ ఒక భద్రతా నివేదిక అవుతుంది.

ఈ వాదనకు ఎదురువాదన కూడా బలమైనదే. రాసుకున్నది ఎప్పటికీ చెరగని చోట క్షమించడం అనే పనికి చోటు దొరకదు. తాతల నాటి అవమానానికి మనవళ్లు యుద్ధానికి పోయి రాజ్యాలే పోగొట్టుకున్న కథలు ఈ జాతికి కొల్లలుగా ఉన్నాయి. అవసరంగా మొదలైన పుస్తకం, అవసరం తీరాక కూడా తనను తాను మోయించుకుంటుంది. భద్రత కోసం పుట్టిన అలవాటు గౌరవంగా, గౌరవం అహంకారంగా మారే క్రమం మనుషుల సమాజాల్లోనూ కొత్తదేమీ కాదు.

కనిపించని ఆడవాళ్లు

టోల్కీన్ లోకంలో డ్వార్ఫ్ స్త్రీలు జనాభాలో మూడో వంతుకు మించరు, బయటి ప్రయాణాల్లో మగవాళ్లలాగే కనిపిస్తారు. అందువల్లనే డ్వార్ఫ్‌లలో ఆడవాళ్లే లేరనీ, రాతిలోంచి పుడతారనీ పైవాళ్లు అనుకుంటారు. లెక్క చాలా కఠినంగా ఉంటుంది. పుట్టే ముగ్గురిలో ఒక్కతే ఆడపిల్ల అయితే, తల్లి స్థానంలో ఒక కూతురు మిగలడానికి ప్రతి స్త్రీకీ బతికి ఎదిగే ముగ్గురు పిల్లలు కావాలి. స్త్రీలలో సగం మందే పెళ్లి చేసుకుంటే ఆ సంఖ్య ఆరు. ఒక్క యుద్ధం, ఒక్క గని ప్రమాదం చాలు, జాతి తగ్గుముఖం పట్టడానికి. కథల్లో డ్వార్ఫ్ నగరాలు ఎప్పుడూ సగం ఖాళీగా, గతవైభవంతో కనిపించడానికి ఇదొక కారణం.

జాతి గుణమా, బతుకు గుణమా

విమర్శకుల్లో ఒక వర్గం డ్వార్ఫ్‌ల చిత్రణలో యూరప్‌లో యూదుల మీద ఉన్న పాత నిందల నీడను చూస్తుంది. ఇది గాలివాటు ఆరోపణ కాదు. ఉన్నచోట సొంతవాళ్లూ పరాయివాళ్లూ అయిన జాతి, సొంత భాష అనే పోలికను టోల్కీన్ తానే ఒక లేఖలో ఒప్పుకున్నాడు. డ్వార్ఫ్ భాషను హీబ్రూ, అరబిక్ లాంటి సెమిటిక్ భాషల తీరులో కల్పించాననీ చెప్పాడు. పోలిక భాషకూ ప్రవాసానికీ పరిమితమైతే అది సానుభూతి. బంగారపు ఆశ కూడా అందులో చేరితే పాత నిందే మళ్లీ తలెత్తుతుంది. మరో వర్గం, 1937 నాటి ఆశపోతుల స్థానంలో 1950ల నాటి ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథలో స్నేహం కోసం ప్రాణమివ్వగల డ్వార్ఫ్‌ను ఆయనే నిలబెట్టాడని గుర్తు చేస్తుంది. రెండూ నిజాలే.

తెలుగులో రాసేవారికి దీనికి తోడు మరో చిక్కు ఉంది. పుట్టుకతోనే రాతిపని, కమ్మరం వచ్చే జాతి అనగానే మన పాఠకుడికి కులం గుర్తొస్తుంది. వడ్డెరల చేతిలోని నైపుణ్యం రక్తంలో వచ్చింది కాదు, చిన్నతనం నుంచి ఎండలో బండల మీద నేర్చుకున్నది. ఆ చదువును పుట్టుగుణం అని పిలిస్తే వారి శ్రమను తీసిపారేసినట్టే. ఈ కారణం చేత నేను బతుకు గుణం అనే వాదన వైపే ఎక్కువగా మొగ్గుతాను. అయితే అంతా అవసరంతోనే తేలిపోతుందని కూడా చెప్పలేను. తినడానికి కర్రు చాలినప్పుడు దాని మీద లతలు చెక్కిన చేయి ఆకలి కోసం ఆ పని చేయలేదు. అందం మీద ఉన్న ఆ మక్కువను ఏ లెక్కా వివరించదు.

ఏ యాసలో మాట్లాడించాలి

ఇంగ్లిష్ సినిమాల్లో, గేముల్లో డ్వార్ఫ్‌లు తరచూ స్కాట్లాండ్ యాసలో మాట్లాడతారు. మన విద్యార్థిని తన కథలో వాళ్ల చేత పాలమూరు యాస మాట్లాడించింది. బండనూ బావినీ ఎరిగిన భాష అదే కాబట్టి అది సరైనదేనని కొందరన్నారు. గడ్డపార, మొరం, చెలిమె, ఊట లాంటి మాటలు లేకుండా నేల కింది కథ ఎట్లా రాస్తామన్న వారి ప్రశ్న న్యాయమైనది. మిగతావారికి వేరే గాయం గుర్తొచ్చింది: ఎన్నో ఏళ్ల పాటు తెలుగు సినిమా మన యాసను రౌడీలకూ హాస్యగాళ్లకూ కేటాయించింది. ఇప్పుడు మనమే దాన్ని గడ్డాల పొట్టివాళ్లకు అప్పగిస్తామా?

చర్చ రెండు గంటలు సాగింది. వారం తరువాత ఆ అమ్మాయి కథను తిరగరాసి పంపింది. ఇందులో పైన పొలం చేసే మనుషులు, కింద బండ తొలిచే డ్వార్ఫ్‌లు, ఇద్దరి రాజులు, ఒప్పందం రాసే న్యాయాధికారి, అందరూ అదే యాసలో మాట్లాడతారు. మొదటి ప్రతిలో ఎక్కడా లేని ఒక ముసలామె ఇందులో ప్రధాన పాత్ర అయింది. ఆమె కర్రతో కప్పును తట్టి, చప్పుడు బోలుగా వినిపించగానే కొలువులో ఉన్న రాజును లేచి బయటికి నడవమంటుంది: “బండ పలుకు మారింది. లే, బయటికి నడువు.” రాజు లేస్తాడు.